మా చిన్నవాడి పాదంలోని పడవ ఎముక

మా చిన్నవాడికి అయిదేళ్ల నాలుగు నెలల వయసులో, కుడి పాదం మధ్యలో పడవ ఆకారంలో ఉండే ఒక చిన్న ఎముకకు రక్తం అందక ఆ ఎముక చచ్చిపోయింది. ఈ మాటను ఇప్పుడు ఇంత నిదానంగా రాయగలుగుతున్నాను గానీ, 2023 మార్చిలో మొదటిసారి విన్న రోజున ఆసుపత్రి మెట్లు ఎలా దిగానో నాకు గుర్తు లేదు. ఆ రాత్రి ఫోనులో వెతికితే తెలుగులో కనిపించిందంతా పెద్దవాళ్ల తుంటి ఎముక గురించే. కరోనా తర్వాత ‘ఏవీఎన్’ (అవాస్క్యులర్ నెక్రోసిస్, అంటే రక్తం అందక ఎముక చచ్చిపోవడం) అన్న పేరు పత్రికల్లో తరచుగా వచ్చింది కాబట్టి, ఆ పేరు వినగానే స్టెరాయిడ్లూ, తుంటి మార్పిడి శస్త్రచికిత్సలే కళ్లముందు నిలిచాయి. పసిపిల్లల పాదంలో వచ్చేది వేరే కథ అనీ, దాని ముగింపు చాలావరకు మంచిదే అనీ చెప్పేవాళ్లు ఆ రాత్రి నాకు దొరకలేదు. మరొక తల్లికి అటువంటి రాత్రి వస్తే ఇది చదువుకుంటుందని రాస్తున్నాను.

మేము తిరుపతిలో బైరాగిపట్టెడలో ఉంటాం. నేను ఒక పాఠశాలలో తెలుగు చెబుతాను. ఆ ఏడాది సంక్రాంతి సెలవుల్లో మొక్కు తీర్చుకోవడానికి శ్రీవారి మెట్టు దారిన కొండకు నడిచివెళ్లాం. అలిపిరి దారి కంటే అది దగ్గర, మెట్లు 2388. మా వాడు సగానికి పైగా తానే ఎక్కాడు, మిగతా దూరం వాళ్ల నాన్న భుజాల మీద కూర్చున్నాడు. కిందికి వచ్చిన రెండో రోజో మూడో రోజో మా అత్తగారు వాకిట్లో కూర్చుని వాడిని చూస్తూ, “అబ్బోడు కుడికాలు సరిగ్గా మోపడం లేదు, కుంటతా ఉండాడు, చూడు” అన్నారు. నడిచిన అలుపు అనుకున్నాను. వారం గడిచినా తగ్గలేదు. పొద్దున బాగానే లేచేవాడు, బడి నుంచి వచ్చేసరికి కుంటు ఎక్కువయ్యేది, సాయంత్రం వీధి చివరి అంగడి దాకా వెళ్లాలన్నా “ఎత్తుకో మా” అని చేతులు చాచేవాడు. అంతకు ముందు వాడు ఎత్తుకుంటానన్నా ఒప్పుకునే పిల్లవాడు కాడు.

ఇంటికి దగ్గరలో ఉన్న ఒక ఆసుపత్రిలో చూపిస్తే బెణికిందని చెప్పి, క్రేప్ బ్యాండేజీ చుట్టి, పూతమందు ఇచ్చారు. ఎక్స్‌రే తీయలేదు. మూడు వారాలు ఆ పూతమందే రాశాను. పిల్లవాడు పడలేదు, కాలు మడత పడలేదు, మరి బెణకడం ఎప్పుడు జరిగిందని నేను అడిగి ఉండవలసింది. అడగకపోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది. దెబ్బ తగిలిన గుర్తు లేకుండా ఒక చిన్నపిల్లవాడు రెండు వారాలకు మించి కుంటుతూ ఉంటే ఎక్స్‌రే అడగడం తల్లిదండ్రుల హక్కు.

రెండోచోట కుడి పాదానికి ఒక్కదానికే ఎక్స్‌రే తీశారు. అక్కడున్న వైద్యుడు బొమ్మను వెలుతురుకు ఎత్తి పట్టుకుని, ఈ ఎముక చచ్చిపోయి చితికిపోయిందనీ, ఏవీఎన్ కావచ్చు, ఎముకకు పట్టే క్షయ కూడా కావచ్చు అనీ, వెంటనే ఎమ్మారై తీయించాలనీ ఒక్క గుక్కలో చెప్పి, తర్వాతి రోగిని పిలిచారు. నేను పైన చెప్పిన రోజు అదే.

మరునాడు ఇంట్లో పెద్ద చర్చ జరిగింది. మా అత్తగారు పుత్తూరు కట్టు కట్టిద్దామన్నారు. మా ప్రాంతంలో ఎముక అన్న మాట వినపడితే చాలామందికి మొదట గుర్తొచ్చేది పుత్తూరే, అందులో వింత లేదు. ఆకు పసరు, కోడిగుడ్డు తెల్లసొన, గుడ్డ, వెదురు బద్దలు పెట్టి కట్టే ఆ కట్టు మా నాన్నగారి ముంజేతికి చిన్నప్పుడు వేస్తే చక్కగా అతుక్కున్నదని నేనూ విన్నాను. అయితే మా వాడికి ఎముక విరగలేదు. లోపల ఏం జరిగిందో తెలియకుండా ఏ కట్టూ వద్దని మా ఆయన పట్టుబట్టారు. నేను ఆయన మాటకే మొగ్గాను, అత్తగారు రెండు రోజులు నాతో ముభావంగా ఉన్నారు. తిరుపతిలో ఎముకల జబ్బులకు తిరుమల తిరుపతి దేవస్థానం నడిపే బర్డ్ ఆసుపత్రి ఉంది, చిత్తూరు వైపు వాళ్లకు వేలూరు ఆసుపత్రులు దగ్గర. మేము మాత్రం తెలిసినవారు చెప్పగా, పిల్లల ఎముకలు మాత్రమే చూసే ఒక వైద్యుడి దగ్గరికి వెళ్లాం.

ఆయన ముందు ఎక్స్‌రే చూడలేదు. పిల్లవాడి చెప్పులు విప్పించి, వాటిని తిరగేసి చూశారు. ఎడమ చెప్పు అడుగు సమంగా అరిగి ఉంది. కుడి చెప్పు బయటి అంచు మాత్రం పలచబడి, గాట్లు పోయి నున్నగా తయారయింది, లోపలి అంచున కొత్తప్పటి గాట్లు అలాగే ఉన్నాయి. “చూడమ్మా, నొప్పి పాదం లోపలి వైపు ఉంది, అక్కడ బరువు పడకుండా మీ వాడు బయటి అంచు మీద నడుస్తున్నాడు” అన్నారు. ఆ చెప్పులను రోజూ నేనే గుమ్మం దగ్గర సర్దిపెట్టేదాన్ని. తర్వాత వాడి పాదాన్ని తన ఒడిలో పెట్టుకుని, కబుర్లు చెబుతూ మడమ నొక్కారు, చీలమండ నొక్కారు, వేళ్లు ఒక్కొక్కటిగా కదిపారు, వాడు నవ్వుతూనే ఉన్నాడు. చీలమండ ముందు, పాదం వంపు పైన, లోపలి వైపున బొటనవేలితో మెల్లగా అదిమేసరికి చటుక్కున కాలు లాక్కున్నాడు. అక్కడ కాస్త వాపు, చేయి పెడితే కొద్దిపాటి వేడి ఉన్నాయని ఆయన నా వేళ్లతోనే తాకించి చూపారు.

ఆ తర్వాత ప్రశ్నలు అడిగారు. జ్వరం వచ్చిందా, రాత్రిళ్లు నొప్పికి నిద్రలేస్తున్నాడా, బరువు తగ్గాడా, ఉబ్బసానికో మరి దేనికో స్టెరాయిడ్లు వాడారా, రెండు వైపుల బంధువుల్లో ఎవరికైనా సికిల్ సెల్ అనే, వంశంగా వచ్చే రక్తపు జబ్బు ఉందా అని. అన్నింటికీ లేదనే చెప్పాం. చీము పట్టలేదని, క్షయ కాదని, రక్తానికి సంబంధించిన పెద్ద జబ్బు కాదని తేల్చుకోవడానికే ఆ ప్రశ్నలని తర్వాత వివరించారు. రక్తపరీక్షలు చేయించారు, కణాల లెక్క, ఒంట్లో వాపు, చీము ఉంటే పెరిగే ఈఎస్ఆర్, సీఆర్‌పీ అన్నీ మామూలుగానే వచ్చాయి. ఎమ్మారై అవసరం లేదన్నారు. రెండు పాదాలకూ ఎక్స్‌రే తీయించి బొమ్మలను పక్కపక్కన పెట్టారు.

ఆ రెండు బొమ్మలను నేను మరచిపోలేను. ఎడమ పాదంలో ఆ ఎముక చింతగింజంత, గుండ్రంగా, బూడిద రంగులో ఉంది. కుడి పాదంలో అదే చోట ఉన్నది నిలువుగా పెట్టిన బిళ్లలాగా, చింతగింజను ఒత్తి పలచన చేసినట్టుగా, సన్నగా, చుట్టూ ఉన్న ఎముకలకంటే బాగా తెల్లగా కనిపించింది. దానికి కోహ్లర్ వ్యాధి అని పేరు చెప్పారు. ఎక్స్ కిరణాలను కనుగొన్నది 1895లో, ఆ తర్వాత పదమూడేళ్లకు 1908లో జర్మనీకి చెందిన ఆల్బన్ కోహ్లర్ అనే ఎక్స్‌రే వైద్యుడు ఈ సంగతిని వివరించాడు. ఎక్స్‌రే రాకముందు కుంటిన పిల్లలు ఎందుకు కుంటారో, ఏడాది తిరిగేసరికి ఎందుకు మామూలుగా పరుగెత్తారో చూసే వీలే లేదు.

వైద్యుడు చెప్పిన వివరణను నాకు అర్థమైన మాటల్లో రాస్తాను. పాదం మధ్యలో, లోపలి వైపున, పడవ ఆకారంలో ఉండే ఆ ఎముకను నావిక్యులర్ అంటారు. పాదపు వంపుకు అది మూలరాయి వంటిది. పుట్టినప్పుడు అది మెత్తటి మృదులాస్థి మాత్రమే. పాదం వెనక, మధ్య భాగాల్లోని ఎముకలన్నింటిలోకీ గట్టిపడడం ఆఖరున మొదలుపెట్టేది అదే, ఆడపిల్లల్లో సుమారు రెండేళ్ల వయసులో, మగపిల్లల్లో ఇంకాస్త ఆలస్యంగా మూడేళ్లకు అటూ ఇటూగా. అప్పటికే పిల్లవాడు పరుగులు పెడుతుంటాడు, బరువు పెరుగుతుంటాడు. ముందూ వెనకా గట్టిపడిన ఎముకల మధ్య ఈ మెత్తని ముక్క నలుగుతుంది. ఆ వయసులో కొందరి పిల్లల్లో దాని నడిమికి రక్తం తెచ్చే నాళం ఒక్కటే ఉంటుంది, అది నొక్కుకుపోతే లోపలి ఎముక కణాలు చచ్చిపోతాయి. కారణం ఇదేనని వైద్యశాస్త్రం కచ్చితంగా తేల్చలేదు గానీ ఎక్కువమంది ఒప్పుకునేది ఇదేనట. ఆడపిల్లలకంటే మగపిల్లల్లో ఎక్కువగా, నాలుగు నుంచి ఏడేళ్ల మధ్య రావడానికి కూడా ఈ ఆలస్యమే కారణంగా చెబుతారు.

చచ్చిపోయిన ఎముక మళ్లీ ఎలా వస్తుందని అడిగాను. ఎముక చనిపోయినా దాని సున్నపు చట్రం అక్కడే ఉంటుందనీ, బరువుకు అది అణిగి దట్టమై ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుందనీ, చుట్టూ ఉన్న మృదులాస్థి మాత్రం బతికే ఉంటుందనీ చెప్పారు. అంచుల నుంచి కొత్త రక్తనాళాలు లోపలికి పాకి, చచ్చిన భాగాన్ని కొంచెం కొంచెంగా తొలగిస్తూ, ఆ చోట కొత్త ఎముకను పేరుస్తాయి. ఇంకా ఎదిగే వయసు కాబట్టి చివరికి అసలు ఆకారం తిరిగి వస్తుంది. ఏ చికిత్సా చేయకపోయినా ఎముక తనంతట తాను బాగుపడుతుందనీ, అయితే కట్టు వేస్తే నొప్పి కొద్ది వారాల్లో తగ్గుతుందనీ, వేయకపోతే ఏడాది దాటినా కుంటుతూ ఉండవచ్చుననీ ఆయన దాపరికం లేకుండా చెప్పారు. నాకు బాగా నచ్చింది ఆ నిజాయితీ. పిల్లవాడి బాధ తగ్గించడం కోసం కట్టు వేయించుకున్నాం.

పుత్తూరు సంగతి కూడా అత్తగారి ఎదుటే అడిగాను. విరిగిన ఎముకను కదలకుండా పట్టి ఉంచడం వేరు, రక్తం అందని ఎముకను బరువు నుంచి కాపాడడం వేరు, ఈ పాదానికి మర్దన గానీ గట్టిగా బిగించడం గానీ పనికిరావు అని ఆయన ఓపికగా చెప్పారు. “అట్లయితే నువ్వు చెప్పినట్లే కానీ నాయనా” అన్నారు అత్తగారు. ఇంట్లో ఆ ముభావం అక్కడితో పోయింది.

మార్చి రెండోవారంలో మోకాలి కింది నుంచి వేళ్ల మొదళ్ల దాకా ఫైబర్ కట్టు వేశారు. రంగు ఏది కావాలో పిల్లవాడినే ఎంచుకోమంటే నీలం అన్నాడు. నడవడానికి వీలుగా కింద రబ్బరు అడుగున్న చెప్పు తొడిగారు. ఆరు వారాలు. తిరుపతి మార్చి, ఏప్రిల్ ఎండలు తెలిసినవారికి ఆ ఆరు వారాలు ఎలా గడిచాయో చెప్పనక్కరలేదు. కట్టు లోపల చెమట, దురద. స్కేలు గానీ పుల్ల గానీ లోపలికి దూర్చి గోకనివ్వకూడదు, చర్మం చెక్కుకుపోయి చీము పడుతుంది. దురద ఎక్కువైనప్పుడు హెయిర్ డ్రయర్‌ను చల్లగాలి మీద పెట్టి కట్టు నోటి దగ్గర పట్టేదాన్ని. స్నానానికి ప్లాస్టిక్ సంచి తొడిగి పైన రబ్బరు పట్టీ వేసి, కాలు బయట పెట్టి కూర్చోబెట్టేదాన్ని.

వైద్యుడు నాకు ఒక పని నేర్పారు, దాన్ని ఏ రోజూ మానలేదు. రాత్రి పడుకోబెట్టే ముందు, కట్టు బయటికి కనిపించే బొటనవేలి గోరును నొక్కి వదలాలి. నొక్కినప్పుడు గోరు తెల్లబడుతుంది, వదలగానే రెండు క్షణాల్లో మళ్లీ ఎర్రబారాలి. వేళ్లు చల్లబడినా, నీలం తిరిగినా, బాగా వాచినా, మొద్దుబారినా, మందులకు లొంగని నొప్పి వచ్చినా వేళ చూడకుండా వెంటనే రమ్మన్నారు. ప్రతి రాత్రీ దీపం దగ్గర ఆ చిన్న గోరు కింద రక్తం తిరిగి రావడం చూసేదాన్ని. నా కంటికి కనిపించని చోట, కట్టు లోపల, అదే రక్తం ఆ ఎముక దాకా వెళ్లాలని కోరుకునేదాన్ని.

రెండో వారానికల్లా వాడు నొప్పి అనడం మానేశాడు. మూడో వారంలో మంచం మీద నుంచి దూకబోతే పట్టుకున్నాను. కట్టు విప్పే రోజున, గరగరమని తిరిగే రంపం చూసి నా మెడను గట్టిగా కరచుకున్నాడు. వైద్యుడు ఆ రంపాన్ని ముందు తన అరచేతికి ఆనించి చూపారు. అది గుండ్రంగా తిరగదు, అటూ ఇటూ అదురుతుంది, అందుకని గట్టి కట్టును కోస్తుంది గానీ మెత్తటి చర్మాన్ని కోయదు. కట్టు విడిన కాలు సన్నగా, పొట్టు లేచి, రెండో కాలికంటే పాలిపోయి కనిపించేసరికి నాకు కళ్లనీళ్లు వచ్చాయి. నెలన్నరలో కండ మళ్లీ వచ్చింది. ఆ తర్వాత బూటులో పాదపు వంపును మోసే మెత్తటి అడుగు పెట్టించారు. మొదటి రెండు నెలలు ఎత్తు నుంచి దూకడం, గట్టి నేల మీద పరుగు పందేలు వద్దన్నారు. బడిలో ఆటల పీరియడులో స్కోరు రాసే పని వాడికి అప్పగించిన ఉపాధ్యాయురాలికి నేను రుణపడి ఉన్నాను.

జూన్‌లో మళ్లీ ఎక్స్‌రే తీశారు. పిల్లవాడు చక్కగా నడుస్తున్నాడు కాబట్టి ఎముక బాగుపడి ఉంటుందని ఆశగా వెళ్లాను. బొమ్మలో అది అప్పటికంటే ఘోరంగా, అంచులు తెగి, రెండు మూడు ముక్కలైనట్టు కనిపించింది. నా ముఖం చూసి వైద్యుడే ముందుగా చెప్పారు. చచ్చిన భాగాన్ని శరీరం తొలగిస్తున్న దశ అది, పాత గోడ పడగొట్టి కొత్త గోడ లేపుతున్నప్పుడు ఇల్లు ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది, నొప్పి ముందు పోతుంది, బొమ్మ ఆ తర్వాత నెలలకు గానీ బాగుపడదు. దీన్ని నేను ప్రత్యేకంగా రాయడానికి కారణం, ఆ దశలో భయపడి మరో నలుగురు వైద్యుల దగ్గరికి తిప్పేవాళ్లు ఉంటారు, నేనూ అంతదాకా వచ్చాను. నొప్పి లేకపోయినా కొందరు పిల్లల్లో ఈ ఎముక ముక్కముక్కలుగా గట్టిపడడం మామూలేననీ, అందుకే బొమ్మనొక్కదాన్నే చూసి జబ్బు అనకూడదనీ, నొప్పీ బొమ్మా రెండూ కలవాలనీ ఆయన చెప్పిన మాట కూడా అప్పుడే విన్నాను.

డిసెంబరులో ముక్కలు కలిసి ఒక్కటవుతున్నాయి. 2024 జూలైలో తీసిన బొమ్మలో కుడి పాదపు ఎముకకూ ఎడమ పాదపు ఎముకకూ తేడా చూపమంటే నేను చూపలేకపోయాను. మొత్తం ఏడాదిన్నర పట్టింది. నొప్పి వస్తే తప్ప ఇక రానక్కరలేదన్నారు.

అన్నాళ్లూ అడగాలని ఉండి అడగలేని ప్రశ్న ఆ రోజు అడిగాను. ఆ మెట్లు ఎక్కించడం వల్లే ఇలా జరిగిందా అని. ఒక్క రోజు నడకతో ఈ జబ్బు పుట్టదనీ, అది అప్పటికే మొదలై ఉంటుందనీ, నడిచిన శ్రమకు నొప్పి బయటపడి ఉండవచ్చుననీ అన్నారు. కొండ మెట్లు ఎక్కే పిల్లలు ఎందరు లేరు, వాళ్లందరికీ రావాలి కదా అన్నారు. ఆ మాటతో ఏడాదిన్నరగా గుండెల మీద ఉన్న బరువు చాలావరకు దిగింది.

అప్పుడు మా అమ్మాయి గురించి అడిగాను. దానికి పన్నెండేళ్లు, కూచిపూడి నేర్చుకుంటోంది, వారానికి మూడు రోజులు గట్టి నేల మీద అడుగులు వేస్తుంది. ఈ జబ్బు ఇళ్లల్లో వంశంగా వచ్చేది కాదనీ, దాని వయసుకు పడవ ఎముక గట్టిపడిపోయింది కాబట్టి అక్కడ భయం లేదనీ చెప్పి, ఎదిగే ఆడపిల్లల్లో జాగ్రత్తగా చూడవలసిన చోటు మరొకటి ఉందన్నారు. బొటనవేలి పక్కన ఉన్న రెండో వేలి వెనక, పాదం ముందు భాగంలో పొడుగ్గా ఉండే ఎముక తలభాగానికి కూడా ఇలాగే రక్తం అందక దెబ్బతింటుంది. దాన్ని ఫ్రైబర్గ్ వ్యాధి అంటారు, అమెరికాలో ఆల్బర్ట్ ఫ్రైబర్గ్ అనే వైద్యుడు 1914లో రాశాడు. అది పదకొండు నుంచి పదిహేడేళ్ల మధ్య, మగపిల్లల్లో కంటే ఆడపిల్లల్లో ఎక్కువ. మా చిన్నవాడిలో చూసినట్టు అది ప్రతిసారీ పూర్తిగా సరికాదు. ఎముక తల అణిగి బల్లపరుపుగా మిగిలిపోతే కీలు బిగుసుకుపోయి, పెద్దయ్యాక అరుగుదల నొప్పులు వస్తాయి, కొందరికి శస్త్రచికిత్స కూడా చేయవలసి వస్తుంది. కాబట్టి మునివేళ్ల మీద నిలబడినప్పుడు, అడుగు ముందుకు నెట్టేటప్పుడు అక్కడ నొప్పి అంటే, నాట్యం అలవాటులో ఉండే నొప్పే అని సర్దిచెప్పకుండా వెంటనే తీసుకురమ్మన్నారు. తొందరగా తెలిస్తే ఆటపాటలు కొన్నాళ్లు ఆపి, ఆ చోట బరువు పడకుండా బూటు లోపల మెత్త పెట్టించి, అవసరమైతే కట్టు వేసి కాపాడుకోవచ్చునట.

అప్పటి నుంచి వారానికి ఒకసారి, నూనె రాసే వంకతో, మా అమ్మాయి పాదం అడుగున రెండో వేలి మొదట్లో బొటనవేలితో అదిమి చూస్తాను, ఆ వేలిని పైకీ కిందికీ వంచి రెండో పాదంతో పోల్చుకుంటాను. “నాకేం కాలేదు మా, వదులు” అని విసుక్కుంటుంది. మొన్న ఆదివారం కూడా నొక్కి చూశాను, నొప్పి లేదన్నది, వేలు సులువుగానే వంగింది.